కాలికి దెబ్బ తగిలితే నొప్పి వేరు, వాపు వేరు

కాలు మడత పడగానే చుట్టూ ఉన్నవాళ్ళందరూ డాక్టర్లైపోతారు. ఒకరు ఐస్ పెట్టమంటారు, ఇంకొకరు వేడి కాపడం అంటారు, ఒకరు అస్సలు కదపొద్దంటారు, ఇంకొకరు నడుస్తుంటేనే తగ్గుద్దంటారు, ట్యాబ్లెట్ వేసేసుకో అని ఒకళ్ళు, వేసుకుంటే మానడం లేటవుద్ది అని మరొకళ్ళు. విచిత్రం ఏంటంటే వీళ్ళలో పూర్తిగా తప్పు చెప్పేవాళ్ళు తక్కువే. ఒక్కొక్కరు చెప్పేది ఒక్కో రోజుకి పనికొస్తుంది, ఒక్కో సమస్యకి పనికొస్తుంది, మనం మాత్రం అన్నీ కలిపి మొదటిరోజు సాయంత్రమే చేసేస్తాం, అక్కడ వస్తుంది చిక్కు.

ఇంకో చిక్కు కూడా ఉంది, అదే పెద్దది. నొప్పి, వాపు అని ఒక్క గుక్కలో అనేసి రెండూ ఒకటే అనుకుంటాం. కాదు. నొప్పి తగ్గించే పనులు కొన్ని వాపుని ముట్టుకోనే ముట్టుకోవు, వాపు తగ్గించే పనులు కొన్ని నొప్పికి పెద్దగా ఏమీ చెయ్యవు. పారాసిటమాల్ వేసుకుని "నొప్పి తగ్గింది గానీ వాపు అలానే ఉందేంటి" అని కంగారుపడేవాళ్ళు చాలామంది, ఆ ట్యాబ్లెట్ పని అది కాదని ఎవరూ చెప్పకపోవడం వల్ల.

లోపల ఏం జరుగుతుందో ముందు చూద్దాం. చీలమండ బెణకడం అంటే ఎక్కువసార్లు పాదం లోపలికి తిరిగిపోయి, బయటివైపు ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంట్లు సాగడమో కొంత తెగడమో, పూర్తిగా తెగిపోవడమో. అందరికంటే ముందు దెబ్బతినేది బయటి బుడిపె ఎముకకి కాస్త ముందు ఉండే ఆంటీరియర్ టాలోఫిబ్యులార్ లిగమెంట్. దాంతోపాటు చిన్న చిన్న రక్తనాళాలు కూడా తెగుతాయి కాబట్టి మొదటి గంటలోనే అక్కడ ఉబ్బు లేస్తుంది, అది చాలావరకు రక్తమే. తర్వాత నెమ్మదిగా పెరిగే వాపు వేరే రకం. దెబ్బతిన్న కణాల దగ్గర హిస్టమిన్, బ్రాడికైనిన్, ప్రోస్టాగ్లాండిన్లు లాంటి రసాయనాలు విడుదలై రక్తనాళాల్ని వెడల్పు చేస్తాయి, వాటి గోడల్లోంచి నీరు బయటికి ఊరేలా చేస్తాయి, ఆ దారినే తెల్ల రక్తకణాలు కూడా వచ్చి చెత్త ఎత్తే పని మొదలెడతాయి. మొదట న్యూట్రోఫిల్స్, ఒకట్రెండు రోజుల్లో మ్యాక్రోఫేజ్‌లు. అందుకే దెబ్బ తగిలిన రోజు కంటే మర్నాడు పొద్దున పాదం ఇంకా లావుగా కనపడుతుంది, అది పరిస్థితి పాడవడం కాదు, రిపేర్ మొదలైంది అంతే.

నొప్పి సంగతి ఇంకోలా ఉంటుంది. ఆ ప్రోస్టాగ్లాండిన్లే అక్కడి నరాల చివర్లని చాలా సెన్సిటివ్‌గా మార్చేస్తాయి, మామూలప్పుడు తెలియని చిన్న తాకిడి కూడా, దుప్పటి అంచు తగిలినా సరే, ప్రాణం పోయినట్టుంటుంది. దానికి తోడు లోపల చేరిన నీరు, రక్తం నొక్కుతుంటే పోటు. కానీ నొప్పి ఎంతుందో దెబ్బ కూడా అంతే ఉందనుకోవద్దు. లిగమెంట్ కాస్త సాగినవాడు గిలగిలలాడుతుంటే పూర్తిగా తెగినవాడు మొదటి పోటు అయ్యాక "పర్లేదులే" అనొచ్చు, నొప్పిని మోసుకెళ్ళే ఆ పీచు మీద లాగుడే లేదు కాబట్టి.

పాదానికే ఈ వాపు గోల ఇంత ఎందుకంటే అది గుండెకి అందరికంటే దూరంగా, అందరికంటే కింద ఉంటుంది. కాలి నుంచి రక్తం, నీరు పైకెక్కాలంటే పిక్క కండరాలు బిగుసుకుంటూ వదులవుతూ సిరల్ని పిండాలి, నడిచేటప్పుడు ఆ పని దానంతట అదే జరుగుతుంది. కుంటుతూ నడిచేవాళ్ళకి, కుర్చీలో కాళ్ళు వేలాడేసి కూర్చునేవాళ్ళకి ఆ పంపు ఆగిపోతుంది, ఊరిన నీరు ఊరినట్టే ఉండిపోతుంది. కాలు కింద పెట్టగానే సలుపు పెరిగి పైన పెట్టగానే తగ్గడానికి కారణం అదే, సాయంత్రానికి చెప్పు పట్టకపోవడానికి కూడా. కమిలిన రంగు కూడా గ్రావిటీతో పాటు జారుతుంది, చీలమండ దగ్గర తగిలితే మూడోరోజుకి వేళ్ళ మొదట్లో నల్లగానో నీలంగానో కనపడి "ఇక్కడ కూడా దెబ్బ తగిలిందా" అని భయపెడుతుంది. తర్వాత ఆకుపచ్చ, పసుపు రంగులు వస్తాయి, అది హిమోగ్లోబిన్ విరిగిపోతూ బిలివర్డిన్‌గా, బిలిరుబిన్‌గా మారడం, మంచి సూచనే.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎముక విరిగిందా లేదా. దీని చుట్టూ రెండు గట్టి నమ్మకాలున్నాయి, రెండూ ప్రమాదమే. "వేళ్ళు కదులుతున్నాయి కాబట్టి విరగలేదు" అనేది మొదటిది. వేళ్ళని కదిలించే పెద్ద కండరాలు పాదంలో ఉండవు, పైన పిక్క భాగంలో ఉంటాయి, పాదంలో ఎముక విరిగినా వేళ్ళు హాయిగా కదులుతాయి. "నడవగలుగుతున్నా కాబట్టి విరగలేదు" అనేది రెండోది. చిన్న ఎముకల్లో పగుళ్ళతో రోజులతరబడి నడిచేసినవాళ్ళు ఉన్నారు.

దీనికి డాక్టర్ల దగ్గర ఒక చక్కని పద్ధతి ఉంది, ఒట్టావా యాంకిల్ రూల్స్ అంటారు, 1992లో కెనడాలోని ఒట్టావాలో ఇయన్ స్టీల్ అనే ఎమర్జెన్సీ డాక్టర్, ఆయన టీమ్ తయారుచేశారు. బెణుకుతో వచ్చిన ప్రతివాళ్ళకీ ఎక్స్‌రే తీస్తే చాలావాటిలో ఏమీ ఉండట్లేదు, మరి ఎవరికి తియ్యాలి అన్నదే వాళ్ళ ప్రశ్న. జవాబు చాలా సింపుల్. చీలమండకి రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చిన బుడిపె ఎముకలున్నాయి కదా, వాటి కొస మీద, వెనక అంచు వెంట పైకి ఓ 6 సెంటీమీటర్లు వేలితో నొక్కుతూ వెళ్ళాలి, సరిగ్గా ఎముక మీద, ముందున్న మెత్తటి వాపు మీద కాదు. తర్వాత పాదం బయటి అంచున, చిటికెన వేలి నుంచి వెనక్కి వస్తుంటే మధ్యలో ఒక ఎముక బుడిపెలా తగుల్తుంది, అదొకటి. లోపలి వైపు పాదం వంపు పైభాగంలో ఉండే నావిక్యులర్ ఎముక ఇంకొకటి. వీటిల్లో ఎక్కడ నొక్కినా ఎముక మీద నొప్పి ఉంటే, లేదా దెబ్బ తగిలిన వెంటనే, ఇప్పుడు కూడా, రెండుసార్లూ 4 అడుగులు వెయ్యలేకపోతే ఎక్స్‌రే కావాలి. కుంటుతూ వేసినా అడుగు అడుగే. ఇవేవీ లేవంటే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా చాలా తక్కువ. కాకపోతే తాగి ఉన్నవాళ్ళకి, షుగర్ వల్ల పాదంలో స్పర్శ తగ్గినవాళ్ళకి, వాపు మరీ ఎక్కువై ఎముకే చేతికి తగలని వాళ్ళకి, బాగా చిన్నపిల్లలకి ఈ పరీక్షని నమ్ముకోకూడదు, నేరుగా చూపించుకోవడమే.

ఇందులో దొరక్కుండా జారిపోయేవి కూడా కొన్ని ఉన్నాయి, వాటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పాదం మధ్యలో వాపు వచ్చి అరికాలి మధ్యభాగం కమిలిందంటే లిస్‌ఫ్రాంక్ గాయం అనే దాన్ని, అంటే పాదం మధ్య ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంట్లు తెగడమో ఆ ఎముకలు విరగడమో జరగడాన్ని, అనుమానించాలి, మామూలు ఎక్స్‌రేలో కూడా తప్పిపోతుంటుంది, నిలబడి బరువు మోపి తీసిన ఎక్స్‌రే అడగాలి, వదిలేస్తే పాదం వంపే కూలిపోతుంది. వెనక మడమ పైన "టప్" మని శబ్దం వచ్చి ఎవరో తన్నినట్టు అనిపించి మునివేళ్ళ మీద లేవలేకపోతే అది బెణుకు కాదు, అకిలీస్ స్నాయువు తెగి ఉండొచ్చు. దెబ్బ ఏమీ తగల్లేదు, పరుగు పెంచాక నెమ్మదిగా నొప్పి మొదలైంది, ఒక్కచోటే నొక్కితే నొప్పి అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే బరువు పడి ఎముకలో వచ్చే సన్నటి పగులు) కావొచ్చు, ఇది మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎక్స్‌రే నార్మల్ అనగానే మళ్ళీ పరిగెత్తడం మొదలుపెట్టడం వల్లే ఇవి ముదురుతాయి.

పాదం ఆకారం మారిపోయినా, చర్మం చీలి లోపలిది కనపడినా, వేళ్ళు చల్లబడి పాలిపోయినా నీలంగా మారినా, తిమ్మిరెక్కి స్పర్శ పోయినా ఇంట్లో కూర్చుని ఐస్ పెట్టుకునే పని కాదు. మందు వేసినా ఆగకుండా పెరిగే నొప్పి, వేళ్ళని ఎవరైనా మెల్లగా వంచినా తట్టుకోలేనంత బాధ, పాదం బిగుసుకుపోయి రాయిలా ఉండటం, ముఖ్యంగా బరువైనది ఏదైనా పాదం మీద పడి నలిగినప్పుడు, ఇది కూడా ఎమర్జెన్సీయే, కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు, లోపల ఒత్తిడి పెరిగి కండరానికి రక్తం అందదు, గంటల్లో కండరం చచ్చిపోతుంది.

ఇవేవీ కాదు, మామూలు బెణుకే అని తేలింది అనుకుందాం. ఐస్ సంగతి తీసుకుంటే 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టర్ రెస్ట్, ఐస్, కంప్రెషన్ (కట్టు), ఎలివేషన్ (ఎత్తులో పెట్టడం) అనే నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి రైస్ అని పేరు పెట్టారు, దశాబ్దాలపాటు ప్రపంచమంతా అదే పాట. తర్వాత 2014 ప్రాంతంలో ఆయనే, ఐస్, పూర్తి రెస్ట్ రెండూ మానడాన్ని ఆలస్యం చెయ్యొచ్చని తన మాట మార్చుకున్నారు. చల్లదనం రక్తనాళాల్ని బిగించేస్తే రిపేరుకి రావాల్సిన కణాలు కూడా తగ్గుతాయి కదా అని లాజిక్. 2012లో క్రిస్ బ్లీక్లీ వాళ్ళు పోలీస్ అని, 2019లో డ్యుబువా, ఎస్కులియే అనే ఇద్దరు పీస్ అండ్ లవ్ అని ఇలాగే అక్షరాలు కలిపిన కొత్త పేర్లు తెచ్చారు, ఈ ఫీల్డ్‌లో పేర్లు పెట్టే సరదా కాస్త ఎక్కువే. వాటన్నిట్లో ఉన్న సారం మాత్రం ఒక్కటే, రెస్ట్ కొద్ది రోజులు చాలు, తర్వాత కొంచెం కొంచెంగా బరువు మోపాలి.

మరి ఐస్ పెట్టాలా వద్దా? నా లెక్క ఇది, ఐస్ అనేది నొప్పి మందు, అలానే వాడుకోవాలి. చల్లదనం నరాల్ని మొద్దుబారుస్తుంది, మొదటి రెండు రోజులు అది చాలా సుఖం. మానడం త్వరగా అవుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు, దానికి గట్టి ఆధారాలు లేవు. గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు, మళ్ళీ రెండు మూడు గంటలకి, అంతకంటే ఎక్కువసేపు పెట్టినా లాభం పెరగదు, చర్మం కాలుతుంది, నిజంగానే ఐస్‌తో కాలుతుంది. పాదంలో స్పర్శ తక్కువ ఉన్నవాళ్ళు, కాళ్ళకి రక్తప్రసరణ సరిగా లేనివాళ్ళు దాని జోలికి పోవద్దు. వేడి కాపడం, గట్టిగా రుద్దడం, మద్యం తాగడం ఈ మూడూ మొదటి రెండు మూడు రోజులు వద్దు, తెగిన నాళాల్లోంచి ఇంకా ఊరుతున్నప్పుడు రక్తప్రవాహం పెంచితే వాపు పెరుగుతుంది. వారం తర్వాత బిగుసుకుపోయిన కండరాలకి వేడి హాయిగా ఉంటుంది, అప్పుడు పర్లేదు.

వాపుకి అసలు పనిచేసేవి రెండు, కట్టు కట్టడం, ఎత్తులో పెట్టడం, జనం సరిగ్గా చెయ్యనివి కూడా ఆ రెండే. క్రేప్ బ్యాండేజ్ చాలామంది చీలమండ చుట్టూ నాలుగు చుట్లు బిగించి వదిలేస్తారు, దాంతో కట్టుకి కింద పాదం బుడగలా ఉబ్బుతుంది. కాలి వేళ్ళకి ఉంగరాల్లాంటివి ఉంటే ముందే తీసెయ్యండి, వాచాక రావు. పాదాన్ని పైకి లేపి కాలికి అడ్డంగా ఉంచి, వేళ్ళ మొదలు నుంచి చుట్టడం మొదలెట్టాలి, ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం ఎక్కాలి, చీలమండ దగ్గర ఇంగ్లీషు 8 అంకెలా తిప్పుతూ మడమని కూడా కప్పుకుంటూ పిక్క కింద దాకా వెళ్ళాలి. కింద బిగువు కాస్త ఎక్కువ, పైకెళ్ళేకొద్దీ తక్కువ. అయిపోయాక బొటనవేలి గోరు నొక్కి వదలండి, తెల్లబడింది 2 సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. లేటవుతున్నా, వేళ్ళు తిమ్మిరెక్కినా విప్పి మళ్ళీ కట్టుకోవడమే, బిగిస్తే వాపు త్వరగా పోతుందనేది ఉత్తమాట. రాత్రి పడుకునేటప్పుడు తీసెయ్యొచ్చు.

ఎత్తులో పెట్టడం అంటే సోఫాలో కూర్చుని స్టూల్ మీద కాలు పెట్టడం కాదు, అది ఇంకా గుండెకి కిందే ఉంటుంది. వెల్లకిలా పడుకుని పిక్క కింద, మడమ కింద రెండు మూడు దిండ్లు, మోకాలు కాస్త వంగి ఉండేలా, పాదం ఛాతీ కంటే పైన ఉండాలి. రోజులో చాలాసార్లు, ఒక్కోసారి 20, 30 నిమిషాలు. ఖర్చు లేదు, సైడ్ ఎఫెక్టులు లేవు, అందుకేనేమో దీనికి విలువ తక్కువ.

ట్యాబ్లెట్ల దగ్గరికొస్తే, పారాసిటమాల్ నొప్పికి మాత్రమే, వాపు మీద దాని పని దాదాపు లేదు. అయినా బెణుకుల్లో నొప్పి తగ్గించడంలో అది ఐబుప్రోఫెన్ లాంటి వాటికి పెద్దగా తీసిపోదని పోలిక చేసి చూసిన ట్రయల్స్‌లో తేలింది, కడుపుకీ కిడ్నీకీ అంత ఇబ్బంది పెట్టదు కాబట్టి ముందు దాంతోనే మొదలెట్టడం నయం. పెద్దవాళ్ళకి 24 గంటల్లో మొత్తం 4 గ్రాములు దాటకూడదు, లివర్ సమస్య ఉన్నవాళ్ళకి, రోజూ తాగేవాళ్ళకి, సన్నగా ఉన్నవాళ్ళకి ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లో కూడా ఇదే మందు ఉంటుంది, లెక్క అక్కడే తప్పుతుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, న్యాప్రాక్సెన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయి, నొప్పి మీదా వాపు మీదా రెండిటి మీదా పనిచేస్తాయి. అల్సర్ ఉన్నవాళ్ళు, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, ఇలాంటి మాత్రలతో ఆయాసం వచ్చే ఆస్తమా వాళ్ళు, గర్భంతో ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా వేసుకోకూడదు. ఐబుప్రోఫెన్ కూడా డాక్టర్ చెప్పకుండా అయితే రోజుకి 1200 మిల్లీగ్రాములు దాటొద్దు, ఏదైనా తిన్నాకే వేసుకోవాలి. పిల్లలకి ఆస్పిరిన్ అసలు వద్దు.

వీటివల్ల మానడం లేటవుతుందా అన్న వాదన ఉంది. జంతువుల మీద కొన్ని పరీక్షల్లో అలా కనపడింది, మనుషుల్లో కొద్దిరోజులు వాడితే నష్టం జరిగినట్టు గట్టి ఆధారం లేదు. నాకు అనిపించేది, మూడు నాలుగు రోజులకి మించి వాటి అవసరం పడుతుంటే ఆలోచించాల్సింది మందు గురించి కాదు, అది మామూలు బెణుకేనా అని. చాలామంది పట్టించుకోని మంచి దారి ఇంకోటుంది, డైక్లోఫెనాక్ జెల్. కొత్తగా తగిలిన బెణుకులకి బాగానే పనిచేస్తుంది, మాత్రతో పోలిస్తే రక్తంలోకి వెళ్ళేది సుమారు 6 శాతమే. పుండు, చీలిక ఉన్న చర్మం మీద రాయొద్దు, రాసి వెంటనే వేడి పెట్టొద్దు, మెత్తగా పూస్తే చాలు. మాత్ర కూడా వేసుకుని జెల్ కూడా రాసి రెట్టింపు చెయ్యడం మాత్రం అనవసరం.

ఇక ఎవరూ చెయ్యని భాగం, కదపడం. రెండు మూడు రోజులు గడిచాక, ఎముక విరగలేదని తెలిసాక, పడుకుని ఉండగానే పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం మొదలెట్టాలి, గంటకోసారి ఓ పదిసార్లు, పిక్క పంపుని మళ్ళీ స్టార్ట్ చెయ్యడమే ఇది, వాపుకి ట్యాబ్లెట్ కంటే మంచి మందు. తర్వాత బొటనవేలితో గాల్లో అక్షరాలు రాయండి, అ నుంచి మొదలుపెట్టి పెద్దపెద్దగా, మన అక్షరాలన్నీ గుండ్రంగా ఉండటం ఇక్కడ బాగా కలిసొస్తుంది, ఒక్క "ఋ" రాస్తే చీలమండ అన్ని దిక్కులా తిరిగేస్తుంది. కొంచెం నొప్పి ఉంటే పర్లేదు, మర్నాటికి పెరిగిందంటే ఎక్కువ చేశారని అర్థం. చేతికర్ర వాడేవాళ్ళు దెబ్బ తగలని వైపు చేతిలో పట్టుకోవాలి, అందరూ ఉల్టా పట్టుకుంటారు.

నడక సరైనా పని అయిపోలేదు. లిగమెంట్‌లో కాలు ఏ వాలులో ఉందో మెదడుకి చెప్పే నరాలు కూడా ఉంటాయి, అవి దెబ్బతింటే ఎగుడుదిగుడు నేల మీద మళ్ళీ అదే కాలు మడత పడుతుంది, ఒకసారి బెణికిన కాలు పదే పదే బెణకడానికి పెద్ద కారణం ఇదే. గోడ పక్కన నిలబడి ఆ ఒక్క కాలి మీద 30 సెకన్లు ఉండగలగాలి, తర్వాత కళ్ళు మూసుకుని, మొదట్లో అయిదు సెకన్లు కూడా ఆగలేరు. కొన్ని వారాలు ఇలా చేసినవాళ్ళకి మళ్ళీ బెణకడం తగ్గుతుందని పరిశోధనల్లో బాగా తేలిన విషయం. ఆటలాడేవాళ్ళు ఒంటికాలి మీద నొప్పి లేకుండా గెంతగలిగాకే గ్రౌండ్‌లోకి దిగాలి, కొన్ని నెలలు బ్రేస్ వేసుకుంటే ఇంకా మంచిది.

కొద్దిగా సాగిన లిగమెంట్ అయితే ఒకట్రెండు వారాల్లో మామూలు నడక వచ్చేస్తుంది, సగం తెగితే 3 నుంచి 6 వారాలు, పూర్తిగా తెగితే నెలలు, అలాంటివాటిలో కూడా చాలావరకు ఆపరేషన్ లేకుండానే మానతాయి. నొప్పి పోయాక కూడా సాయంత్రం అయ్యేసరికి కాస్త ఉబ్బు కనపడటం రెండు మూడు నెలలదాకా మామూలే, పొద్దున లేచేసరికి తగ్గిపోతుంటే దాని గురించి బుర్ర పాడుచేసుకోవక్కర్లేదు. పొద్దున కూడా తగ్గకపోతేనో, పిక్క ఒక్కటే వాచి నొక్కితే నొప్పిగా ఉంటేనో సిరలో గడ్డకట్టిందేమో చూపించుకోవాలి, దానికి ఆయాసమో ఛాతీలో నొప్పో తోడైతే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి, ముఖ్యంగా కట్టు వేసి రోజులతరబడి కాలు కదపనివాళ్ళు. ఎర్రబడి వేడెక్కి జ్వరం వస్తే ఇన్ఫెక్షన్. షుగర్ ఉన్నవాళ్ళకి పాదం ఎర్రగా వేడిగా వాచి నొప్పి మాత్రం పెద్దగా లేదంటే అది ఊరట కాదు, షార్కో ఫుట్ (నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిన పాదంలో ఎముకలు బలహీనపడి విరిగే జబ్బు) అయ్యే అవకాశం ఉంది, దాని మీద నడిచేకొద్దీ ఎముకలు చితికిపోతాయి, కాలు కింద మోపకుండా అదేరోజు డాక్టర్ దగ్గరికి. మామూలు బెణుకే అనుకున్నది 6 వారాలైనా అడుగుతీసి అడుగు వేసేటప్పుడు పట్టేస్తున్నా, జారిపోతున్నట్టు అనిపిస్తున్నా లోపల మృదులాస్థి ముక్క ఏమైనా విరిగిందేమో అని ఎమ్మారై రాస్తారు, ఆ స్కాన్‌కి సరైన టైం కూడా అదే, మొదటిరోజు కాదు.